విపత్తు ముగిసిన చోట వ్యాధి మొదలు కాకూడదు

తుపాను గానీ, వరద గానీ, భూకంపం గానీ సంభవించినప్పుడు ప్రాణాలతో బయటపడినవారు ముందుగా వెదుక్కునేది తలదాచుకునే చోటు. ప్రభుత్వ పాఠశాల, కల్యాణ మండపం, మస్జిద్, గుడారం - ఏది దొరికితే అది. వారంతా ఒక కప్పు కిందికి చేరగానే ఇక గండం గడిచిందని మనం ఊపిరి పీల్చుకుంటాము. కానీ రెండవ గండం సాధారణంగా అక్కడే ఆరంభమవుతుంది. నలభై మంది పిల్లలు కూర్చునే తరగతి గదిలో నాలుగైదు కుటుంబాలు సర్దుకుంటాయి. ఒకే కుళాయి, ఒకే మరుగుదొడ్డి. తడిసిన దుస్తులు, చంటిబిడ్డలు, జ్వరంతో మూలుగుతున్న ముసలివారు, అందరూ ఒకరి పక్కన ఒకరు. వరద తీయడానికి వారం పడుతుంది. ఇల్లు కడుక్కొని తిరిగి వెళ్ళడానికి నెల కూడా పట్టవచ్చు.

2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు, మున్నేరు పొంగి ఖమ్మం కాలనీలు నీట చిక్కినప్పుడు ఆ కష్టం మన కళ్ళ ముందే నిలిచింది. తూర్పు తీరంలో ప్రతి ఏటా అక్టోబరు, నవంబరు నెలలు వస్తున్నాయంటే తుపాను భయం వెంట వస్తూనే ఉంటుంది. అందువల్ల ఇది ఎక్కడో దూరదేశపు విషయం కాదు.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన మాట ఒక్కటే. ప్రకృతి విపత్తు తనంతట తాను మహమ్మారిని తీసుకురాదు. నిర్వాసితులను మనం ఉంచిన తీరు తీసుకువస్తుంది. అందుకే దానిని నివారించడం కూడా చాలావరకు మన చేతుల్లోనే ఉన్నది.

ఆచే, ముజఫ్ఫరాబాద్: రెండు అనుభవాలు

2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఇండోనేషియాలోని ఆచే రాష్ట్రాన్ని తుడిచిపెట్టింది. లక్షన్నర మందికి పైగా మరణించారు, గల్లంతయ్యారు. ఐదు లక్షల మంది ఇళ్ళు కోల్పోయారు. సముద్రం తీసుకుపోయినంతమందిని వ్యాధులు కూడా తీసుకుపోవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉన్నతాధికారి ఆ వారంలోనే హెచ్చరించారు. ఆ భయం నిరాధారమైనది కాదు. కలాంగ్ అనే పట్టణంలో రెండు వారాల తర్వాత విచారించగా, బ్రతికి ఉన్నవారందరూ రక్షణ లేని బావుల నీరే తాగుతున్నారని, వారిలో 85 శాతం మంది అప్పటికే విరేచనాలతో బాధపడ్డారని తేలింది.

అయినా ఊహించిన మహమ్మారి రాలేదు. కారణం అదృష్టం కాదు. కొద్ది రోజుల్లోనే తాగునీటి శుద్ధి మొదలైంది. జనవరి ఆరంభంలోనే పిల్లలకు తట్టు టీకాలు వేయసాగారు. ఏ శిబిరంలో ఎవరికి ఏ లక్షణం కనిపించినా వెంటనే కబురు చేరే ఏర్పాటు జరిగింది. తట్టు అక్కడక్కడ తలెత్తినా దావానలంలా వ్యాపించలేదు. అయితే గాయాల ద్వారా సోకే ధనుర్వాతం మాత్రం 106 మందికి వచ్చి 20 మందిని బలిగొన్నది. శిథిలాలలో, బురదలో కోసుకుపోయిన చిన్న గాయాన్ని నిర్లక్ష్యం చేయరాదని, ధనుర్వాతం టీకా తప్పనిసరి అని ఆ మరణాలు గుర్తు చేస్తాయి.

సంవత్సరం తిరగకముందే, 2005 అక్టోబరు 8న కశ్మీరు కొండల్లో భూకంపం వచ్చింది. 70 వేల మందికి పైగా మరణించారు. చలికాలం ముంచుకొస్తుండగా ముజఫ్ఫరాబాద్ చుట్టూ గుడారాలు వెలిశాయి. అందులో ఒకటి ఎవరూ ప్రణాళిక వేయకుండా దానంతటదే ఏర్పడిన శిబిరం. అక్కడ ఉన్నది 1,800 మంది. సరైన నీరు లేదు, తగినన్ని మరుగుదొడ్లు లేవు. ఆ ఒక్క శిబిరంలోనే 750కి పైగా నీళ్ళ విరేచనాల కేసులు వచ్చాయి. శుభ్రమైన నీరు, మరుగుదొడ్లు సమకూర్చిన తర్వాత ఆ వ్యాధి అదుపులోకి వచ్చింది. అక్కడ వ్యాధిని నిలిపినది చాలా మామూలు వస్తువులే.

భయపడవలసినది మృతదేహాలకు కాదు

ప్రతి విపత్తులోనూ ఒక పుకారు పుడుతుంది. శవాలు కుళ్ళితే మహమ్మారి వస్తుందని, వెంటనే ఎక్కడో ఒకచోట సామూహికంగా పూడ్చివేయాలని అంటారు. ఆచేలోనూ వేలాది దేహాలను పెద్ద గుంతలలో ఖననం చేశారు. ఈనాటికీ తమ తల్లి, తమ బిడ్డ ఫలానా చోట ఉన్నారని చెప్పలేని కుటుంబాలు అక్కడ అసంఖ్యాకం.

వాస్తవానికి, నీటమునిగి గానీ దెబ్బలు తగిలి గానీ మరణించిన ఆరోగ్యవంతుడి దేహం మహమ్మారికి కారణం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ఈ విషయాన్ని పదే పదే స్పష్టం చేశాయి. దేహాలను స్వయంగా తాకి మోసేవారు చేతి తొడుగులు ధరించి, సబ్బుతో చేతులు కడుక్కుంటే సరిపోతుంది. తాగునీటి వనరులో దేహం పడి ఉంటే తొలగించాలి. కలరా వంటి అంటువ్యాధితో మరణించినవారి విషయం వేరు. అప్పుడు గుసుల్ చేయించేవారు తప్పక వైద్య సిబ్బంది సలహా తీసుకోవాలి.

తొందరపాటు ఖననం వల్ల కుటుంబానికి కలిగే నష్టం మాత్రం చిన్నది కాదు. మృతుడిని గుర్తించకుండా పూడ్చితే జనాజా నమాజుకు అయినవారు ఉండరు. మరణ ధ్రువీకరణ పత్రం రాదు. నష్టపరిహారం ఆగిపోతుంది. వారసత్వ పంపకం నిలిచిపోతుంది. భార్య ఇద్దత్ ఏనాటి నుండి లెక్కించాలో తెలియదు. కాబట్టి దేహాన్ని ఫోటో తీయడం, ఒంటిమీది వస్తువులను నమోదు చేయడం, ఖననం చేసిన చోటికి సంఖ్య ఇవ్వడం - ఇవి మృతుల గౌరవాన్నీ, బ్రతికి ఉన్నవారి హక్కులనూ కాపాడే పనులు. శవాల భయంతో వెచ్చించే మనుషులను, వాహనాలను, బ్లీచింగ్ పౌడర్‌ను తాగునీటి కోసం వెచ్చిస్తే ప్రాణాలు దక్కుతాయి.

నీరు: తాగేది ఒకటి, కడిగేది మరొకటి

సహాయక సంస్థలు అంతర్జాతీయంగా అంగీకరించిన 'స్ఫియర్' ప్రమాణాల ప్రకారం శిబిరంలో ఒక మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు కావాలి. తాగడానికి, వంటకు, శరీర శుభ్రతకు అన్నిటికీ కలిపి ఇది. అంటే 300 మంది ఉన్న పాఠశాలకు రోజుకు 4,500 లీటర్లు, దాదాపు ఒక 5,000 లీటర్ల ట్యాంకర్ అవసరం. మనం సాధారణంగా పంచే నీటి పొట్లాలు దాహం తీర్చగలవు గానీ చేతులు కడగలేవు. చేతులు కడగని శిబిరంలో విరేచనాలు ఆగవు.

బోరు నీరైనా, బావి నీరైనా వరద సోకిన తర్వాత శుద్ధి చేయకుండా తాగరాదు. కట్టెలు, గ్యాసు ఉన్నచోట నీటిని తెర్లే దాకా మరిగించడం ఉత్తమం. అవి లేనిచోట క్లోరిన్ బిళ్ళలు వాడాలి. ఆశా కార్యకర్తల వద్ద, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఇవి దొరుకుతాయి. ఎన్ని లీటర్లకు ఎన్ని బిళ్ళలో పొట్లం మీద చూసి వేసి, అరగంట ఆగిన తర్వాతనే తాగాలి. మురికిగా ఉన్న నీటిలో క్లోరిన్ శక్తి క్షీణిస్తుంది గనుక ముందుగా తేరనిచ్చి, గుడ్డతో వడకట్టుకోవాలి.

గుడ్డతో వడకట్టడం మన నానమ్మల కాలం నాటి అలవాటు. దీని విలువను బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో శాస్త్రవేత్తలు పరీక్షించారు. పాత సూతీ చీరను మడతలు పెట్టి చెరువు నీటిని వడకట్టిన ఊళ్ళలో కలరా దాదాపు 48 శాతం తగ్గిందని 2003లో ప్రకటించారు. ఇది మరిగించడానికీ, క్లోరిన్‌కూ ప్రత్యామ్నాయం కాదు. ఏమీ లేని చోట మాత్రం ఇది కూడా ఒక రక్షణే.

శుద్ధి చేసిన నీరు పాత్రలోకి చేరిన తర్వాత కలుషితమయ్యే అవకాశమే ఎక్కువ. ఒక బిడ్డ మురికి చేయి ముంచితే చాలు. కాబట్టి మూత ఉన్న, కుళాయి ఉన్న పాత్ర కావాలి. లేకపోతే పొడవాటి కాడ ఉన్న గరిటెతో మాత్రమే తీయాలి. రాత్రివేళ పాత్రలపై మూత పెట్టమని, నీటి తిత్తుల మూతి కట్టమని దైవప్రవక్త (స) చేసిన బోధ మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. శిబిరంలో దాని అవసరం పదింతలు. నీటి కొరత ఉన్నచోట వుజూకు బదులు తయమ్ముమ్ చేసుకునే వెసులుబాటును షరీఅత్ ఇచ్చింది. ఉన్న కొద్ది నీటిని దాహానికి మిగుల్చుకోవడంలో సంకోచించనవసరం లేదు.

మరుగుదొడ్డి: ఎవరూ అడగని దానం

విపత్తు వేళ మన సమాజపు ఔదార్యం గొప్పది. బిర్యానీ పొట్లాలు వస్తాయి, దుప్పట్లు వస్తాయి, పాత దుస్తులు గుట్టలుగా వస్తాయి. కానీ ఒక తాత్కాలిక మరుగుదొడ్డి కట్టించడానికి చందా ఇచ్చేవారు అరుదు. వ్యాధి ప్రబలేది మాత్రం అక్కడినుంచే.

మొదటి రోజుల్లో 50 మందికి ఒకటి, పరిస్థితి కుదుటపడ్డాక 20 మందికి ఒకటి చొప్పున మరుగుదొడ్లు ఉండాలని ప్రమాణాలు చెబుతున్నాయి. స్త్రీలకు మూడు కేటాయిస్తే పురుషులకు ఒకటి చాలు. అవి బావికి, బోరుకు కనీసం 30 మీటర్ల దూరంలో, పల్లం వైపున ఉండాలి. పక్కనే నీరు, సబ్బు ఉండాలి.

స్త్రీల కష్టం ప్రత్యేకమైనది. తలుపుకు గడియ లేకపోయినా, దారిలో దీపం లేకపోయినా వారు వెళ్ళరు. వెళ్ళవలసి వస్తుందన్న భయంతో నీరు తాగడం మానుకుంటారు, అన్నం తగ్గించుకుంటారు. గర్భిణులకు, బాలింతలకు ఇది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. నెలసరి గుడ్డలు ఉతుక్కొని ఆరవేసుకునే చాటు కూడా ఉండదు. గోప్యత కల్పించడం గౌరవం కోసమే కాదు, ఆరోగ్యం కోసం కూడా. ఈ ఏర్పాట్లను నిర్ణయించే కమిటీలో స్త్రీలు లేకపోతే ఈ సంగతులు ఎవరికీ తట్టవు.

నిలిచి ఉన్న నీటిలో మూత్ర విసర్జన చేయవద్దని, నీటి రేవుల వద్ద, నడిచే దారిలో, జనం సేదదీరే నీడలో మలవిసర్జన చేయడం శాపం తెచ్చిపెట్టే పని అని దైవప్రవక్త (స) హెచ్చరించారు. దాహం తీర్చడం గొప్ప సదకా అని మనం నమ్ముతాము. ఆ నీటిని చెడిపోకుండా కాపాడే మరుగుదొడ్డి కట్టించడం ఆ సదకాలో భాగం కాదా?

టీకా ఆలస్యమైతే

కిక్కిరిసిన శిబిరంలో పిల్లలకు అన్నిటికన్నా ప్రమాదకరమైనది తట్టు. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం బద్దలైనప్పుడు కొండల నుండి దిగివచ్చిన ఆయెతా గిరిజనులు శిబిరాలలో చేరారు. వారిలో టీకాలు వేయించుకున్నవారు తక్కువ. ఆ విపత్తు తర్వాత నిర్వాసితులలో 18,000కు పైగా తట్టు కేసులు నమోదయ్యాయి. అగ్నిపర్వతం నుండి తప్పించుకున్న పిల్లలు తట్టుకు బలైపోయారు.

అందుకే శిబిరం ఏర్పడిన తొలి రోజుల్లోనే 6 నెలల పసివారి నుండి 15 ఏళ్ళ పిల్లల దాకా తట్టు టీకా, ఐదేళ్ళలోపు వారికి విటమిన్ 'ఎ' ఇవ్వాలని నిపుణుల సూచన. 9 నెలలు నిండకముందే టీకా వేయించినట్లయితే, తర్వాత మామూలు షెడ్యూలు ప్రకారం మళ్ళీ వేయించాలి. టీకా కార్డు వరదలో పోయిందని వెనుకాడవలసిన పని లేదు. ఒక డోసు అదనంగా పడినా నష్టం లేదు, పడకపోతేనే నష్టం. టీకాల గురించి మన వాడల్లో తిరిగే అపోహలకు శిబిరంలో చెల్లించే మూల్యం పసిప్రాణం.

విరేచనాలు మొదలైతే

ఎంత జాగ్రత్త పడినా కొందరికి విరేచనాలు వస్తాయి. అప్పుడు ప్రాణం తీసేది శరీరంలోని నీరు, లవణాలు కోల్పోవడమే. 1971లో యుద్ధం వల్ల లక్షలాది శరణార్థులు బెంగాల్ సరిహద్దు దాటి వచ్చినప్పుడు బొంగావ్ శిబిరంలో కలరా చెలరేగింది. ఎక్కించడానికి సెలైన్ చాలలేదు. అక్కడి వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి, రోగుల బంధువుల చేతనే తాగించారు. కలరా రోగులలో 30 శాతం దాకా ఉన్న మరణాలు, ఆ ద్రావణం తాగినవారిలో 3.6 శాతానికి తగ్గాయి. నేడు ప్రతి మందుల దుకాణంలో దొరికే ఓఆర్‌ఎస్ పొట్లం సత్తాను లోకానికి చాటిన అనుభవాలలో అది ముఖ్యమైనది.

పొట్లం దొరకకపోతే ఒక లీటరు శుద్ధమైన నీటిలో ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు కలపాలి. రెండూ తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు హాని. విరేచనం అయిన ప్రతిసారీ కొద్దికొద్దిగా తాగించాలి. తల్లిపాలు ఆపకూడదు. పిల్లలకు 10 నుండి 14 రోజులు జింకు బిళ్ళలు ఇవ్వాలి. కళ్ళు గుంటలు పడినా, మూత్రం ఆగినా, బిడ్డ మత్తుగా ఉన్నా, మలంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి.

ఆలస్యంగా వచ్చే జ్వరాలు

వరద మొదటి ఉధృతికి దోమల గుడ్లు కొట్టుకుపోతాయి. దోమలు లేవని మనం సంతోషిస్తాము. నీరు తీసి గుంటలు మిగిలిన కొన్ని వారాలకు అవి రెట్టింపుగా తిరిగి వస్తాయి. అప్పటికి పత్రికలు మరో వార్తలో మునిగి ఉంటాయి, దాతలు ఇళ్ళకు వెళ్ళిపోయి ఉంటారు. 2022లో పాకిస్తాన్‌లో 3 కోట్ల 30 లక్షల మందిని వరదలు తాకాయి. అంతకుముందు ఏడాది 5 లక్షలున్న మలేరియా కేసులు ఆ ఏడాది 26 లక్షలకు చేరాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దోమతెరలు పంచడం, గుంటలు పూడ్చడం, డ్రమ్ములు, టైర్లలో నిలిచిన నీటిని పారబోయడం ఆ రెండవ నెలలోనే అత్యవసరం.

ఎలుకల మూత్రం కలిసిన బురద నీటి నుండి సోకే లెప్టోస్పైరోసిస్ మరొకటి. 1999 తుపాను తర్వాత ఒడిశాలో, 2018 వరదల తర్వాత కేరళలో ఇది తలెత్తింది. సహాయక చర్యల్లో పాల్గొన్నవారికి కేరళ ఆరోగ్యశాఖ వారానికొకసారి డాక్సీసైక్లిన్ మాత్ర ఇప్పించింది. బురద ఇళ్ళు కడిగే మన యువకులు బూట్లు, చేతి తొడుగులు ధరించాలి. కాళ్ళ మీది పుండ్లను కప్పుకోవాలి. మాత్రను వైద్యుని సలహా మీదనే తీసుకోవాలి.

దాచడం నేరం, చెప్పడం రక్షణ

హైతీలో 2010 జనవరిలో భూకంపం వచ్చింది. తొమ్మిది నెలల తర్వాత కలరా ఆరంభమైంది. అంతకు ముందు శతాబ్దం పాటు ఆ దేశం కలరా ఎరుగదు. సహాయం కోసం వచ్చిన ఐక్యరాజ్యసమితి శాంతిసేన స్థావరం నుండి మురుగు నదిలో కలవడమే దానికి మూలమని పరిశోధనలు తేల్చాయి. 8 లక్షల మందికి పైగా సోకి, దాదాపు 10 వేల మంది మరణించారు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ప్రజలను క్షమాపణ కోరినది 2016 డిసెంబరులో. సదుద్దేశం ఉన్నంత మాత్రాన సరిపోదు. సేవ చేయడానికి వెళ్ళేవారు కూడా తమ మురుగును, తమ రోగాన్ని వెంట తీసుకుపోరాదు.

హిజ్రీ 18వ సంవత్సరంలో సిరియాకు ప్రయాణమైన హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోటికి చేరేసరికి అక్కడ ప్లేగు ప్రబలిందన్న వార్త వచ్చింది. ఆయన సహచరులను సంప్రదించి వెనుదిరిగారు. విధివ్రాతను తప్పించుకొని పారిపోతున్నారా అన్న ప్రశ్నకు, అల్లాహ్ నిర్ణయించిన ఒక విధి నుండే మరొక విధి వైపుకు వెళుతున్నామని బదులిచ్చారు. తర్వాత ఆ అమవాస్ ప్లేగులో నాయకత్వం స్వీకరించిన హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) జనాన్ని ఒకచోట గుమిగూడి ఉండనీయక కొండలపైకి విడివిడిగా పంపారని చరిత్రకారులు వ్రాశారు. వార్త తెలుసుకోవడం, సంప్రదించడం, రద్దీని తగ్గించడం తవక్కుల్‌కు విరుద్ధం కాదని ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చూపగలరు?

శిబిరంలో ఒకే రోజు ఇద్దరు ముగ్గురికి నీళ్ళ విరేచనాలు వచ్చినా, ఒక్క బిడ్డకు జ్వరంతో ఒంటిపై దద్దుర్లు కనిపించినా ఆ గంటలోనే ఏఎన్‌ఎంకు, వైద్యాధికారికి చెప్పాలి. శిబిరానికి చెడ్డపేరు వస్తుందని దాచితే పది మందికి సోకుతుంది.

మన మస్జిద్ కమిటీలు చేయగలిగినవి

ఇవన్నీ ప్రభుత్వపు పనులే, అందులో సందేహం లేదు. కానీ మొదటి రెండు రోజులు పొరుగువారే దిక్కు. మన మస్జిదులలో ఇప్పటికే నీటి ట్యాంకు ఉన్నది, వుజూ కుళాయిలు ఉన్నాయి, మరుగుదొడ్లు ఉన్నాయి, మైకు ఉన్నది. మతభేదం లేకుండా ఆశ్రయమివ్వడానికి ఇంతకన్నా అనువైన చోటు ఏ వాడలోనూ ఉండదు. తుపాను కాలానికి ముందే కమిటీ ఒక పెట్టె సిద్ధం చేసుకోవాలి. అందులో క్లోరిన్ బిళ్ళలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, సబ్బులు, చేతి తొడుగులు, దోమతెరలు, కుళాయి బిగించిన మూతపాత్రలు ఉండాలి. వాడలోని ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తల ఫోను నంబర్లు గోడమీద వ్రాసి ఉంచాలి. ఐదేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, మంచానపడ్డ ముసలివారు ఏ ఇంట ఉన్నారో ఒక జాబితా ఉండాలి.

సహాయం పంపేటప్పుడు ఒక పద్ధతి పాటిద్దాము. ఆహార పొట్లాలకు ఖర్చు చేసే ప్రతి నూరు రూపాయలతో పాటు కొంత సబ్బుకు, నీటి శుద్ధికి, మరుగుదొడ్డికి కేటాయిద్దాము. వండిన అన్నం పంపితే వేడిగా ఉండగానే చేరేలా చూద్దాము. ఎండలో మధ్యాహ్నం దాకా నిలిచిన పొట్లం వాంతులకు దారి తీస్తుంది.

ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళిని కాపాడినవానితో సమానమని దివ్య ఖుర్ఆన్ మనకు బోధించింది. ఆ ప్రాణం వరద నీటిలో కొట్టుకుపోతున్నప్పుడు దూకి పట్టుకునే సాహసం అందరికీ ఉండదు. కానీ అదే ప్రాణం పది రోజుల తర్వాత శిబిరంలో ఒక గ్లాసు చెడునీటికి బలికాకుండా ఆపడానికి సాహసంతో పని లేదు. ముందుగా సిద్ధం చేసుకున్న ఆ పెట్టె చాలు. వర్షాకాలం రాకముందే, వచ్చే జుమా నాడే మన కమిటీలలో ఈ మాట కదిలిద్దాము.